కొత్త కటా మొదలుపెడితే పాతవి కలగలిసిపోతున్నాయి, ఎట్లా సర్దుకోవాలి?

కావలి_బ్రౌన్‌బెల్ట్ (కావలి), ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. మాది షోటోకాన్ శైలి కరాటే. బ్రౌన్ బెల్ట్‌లో ఉన్నాను, డిగ్రీ చదువుతున్నాను. హెయాన్ కటాలు (ఒక్కరే వరసగా చేసే కదలికల కూర్పులు) అయిదూ, టెక్కీ షోదాన్, బస్సాయ్ దాయ్ వచ్చు. ఈమధ్యే మాస్టర్ కంకూ దాయ్ మొదలుపెట్టించారు. 65 కదలికలు ఉన్న పెద్ద కటా. భలే ఉంది. ఇంట్లో ఇక వేరే ఏదీ చేయబుద్ధి కావడం లేదు.

చిక్కంతా హెయాన్ యోన్‌దాన్ దగ్గర. క్లాసులో మాస్టర్ ఆ పేరు పిలిస్తే మొదలు బాగానే పెడుతున్నాను. ఒక చెయ్యి నుదుటి పైకి ఎత్తి, రెండో చేత్తో మెడ మీద షుతో (అరచేతి అంచు దెబ్బ) కొట్టి, మాయే గెరి (ముందుకు తన్ను) తన్నుతాం గదా. యోన్‌దాన్‌లో ఆ తన్ను తర్వాత ముందుకే దూకి ఉరాకెన్ (పిడికిలి వెనక వైపుతో దెబ్బ) కొట్టి కియాయ్ (గట్టి అరుపు) ఇవ్వాలి. నా ఒళ్లేమో వెనక్కి తిరిగిపోతోంది. వెనక్కి తిరిగేది కంకూ దాయ్‌లో. చూసేవాళ్లకు నవ్వు, నాకు టెన్షన్.

రోజూ నాకు దొరికేది గంటలోపే. అందులో పాతవాటికి ఎంత, కొత్తదానికి ఎంత ఇవ్వాలి? కంకూ పూర్తిగా వచ్చేదాకా పాతవి పక్కన పెట్టేసి తర్వాత మళ్లీ తీయొచ్చా? గ్రేడింగ్‌లో హెయాన్‌లలో ఏదైనా అడుగుతారు.

సింగరాయకొండ_ఫైటర్ (సింగరాయకొండ), ఆదివారం రాత్రి 9:58

తమ్ముడూ, మ్యాట్ మీద ఎదుటోడు నిన్ను యోన్‌దాన్ చెయ్యమని అడగడు. కుమితేకి (ఎదుటోడితో ఫైటింగ్‌కి) వచ్చేయ్. అన్ని కటాలూ ఒకేసారి మర్చిపోవచ్చు, ఏ గొడవా ఉండదు.

పెన్నా_గట్టు (నెల్లూరు), సోమవారం ఉదయం 5:10

ఫైటర్ మాట పక్కన పెట్టు నాయనా. చాలా ఏళ్లుగా పిల్లలకు నేర్పుతున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. మర్చిపోయినవాడు మధ్యలో ఆగి దిక్కులు చూస్తాడు. నువ్వు ఆగకుండా పోతున్నావు, కాకపోతే వేరే కటాలోకి పోతున్నావు. ఈ రెండింటికీ మందు ఒకటి కాదు. మర్చిపోతే మళ్లీ మళ్లీ చేయాలి. ఇట్లా కలిసిపోతే మాత్రం కటా మొత్తాన్ని ఎన్నిసార్లు చేసినా లాభం తక్కువ, ఎందుకంటే తేడా ఉన్నది ఒక్క చోటే.

ఆ రెండింటికీ పోలిక ఊరికే రాలేదు. కంకూ పాత పేరు కుశాంకు. ఇతోసు అంకో అనే పాత గురువు 1900 తర్వాత ఓకినావా బడిపిల్లల కోసం పినాన్ కటాలు అయిదు తయారుచేశాడు. వాటిలో చాలా ముక్కలు కుశాంకులోవేనని కరాటే చరిత్ర తెలిసినవాళ్లు చెబుతారు. ఆ పినాన్‌లనే మన షోటోకాన్ మూలపురుషుడు ఫునకోషి జపాన్‌కు తీసుకెళ్లాక హెయాన్ అన్నాడు. అంటే నువ్వు చిన్నప్పుడు ముక్కలుగా నేర్చుకున్నదే ఇప్పుడు పెద్ద కటాలో మళ్లీ ఎదురవుతోంది. నీకు ఇంకా తగల్లేదేమో, హెయాన్ నిదాన్‌లో కూడా ఇదే ఉంది. వరసగా షుతో ఉకేలు (చేతి అంచుతో అడ్డుకోవడం) వేసి నుకితే (వేళ్ల కొసలతో) పొడుస్తావే, అది కంకూలోనూ ఉంది. నుకితే తర్వాత రెండూ వేరువేరుగా పోతాయి. రేపోమాపో అక్కడా తడబడతావు, ఇప్పుడే చూసుకో.

చేయాల్సింది ఇది. మొత్తం కటా వద్దు. మెడ దెబ్బ, తన్ను, ఆ తర్వాత రెండు కదలికలు. ఒకసారి యోన్‌దాన్ ముగింపుతో, ఆగు, ఊపిరి తీసుకో, కంకూ ముగింపుతో. మొదలుపెట్టే ముందు ఏది చేయబోతున్నావో పైకి చెప్పు. అది నిదానంగా కుదిరాకే వేగం.

పాతవి పక్కన పెట్టేయడం మాత్రం వద్దు. సగం సగం లెక్కలు కూడా నేను చెప్పను.

వేదాయపాళెం_అమ్మ (నెల్లూరు), సోమవారం ఉదయం 11:25

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాకు కరాటే రాదు, మా పాప నేర్చుకుంటోంది, గ్రీన్ బెల్ట్. వాళ్ల క్లాసులో బెల్ట్ టెస్టు వచ్చిన ప్రతిసారీ కొత్త కటా, కొత్త ఫీజు. టెస్టు అయిపోయాక పాత కటా మళ్లీ ఎవరూ అడగరు. మొన్న మా అన్నయ్య ఊరి నుంచి వచ్చి, 'ఏదమ్మా, మొదట్లో నేర్చుకున్నావే అది చేసి చూపించు' అంటే పాప నాలుగడుగులు వేసి ఆగిపోయింది. క్లాసులో అడిగితే, పై బెల్టుకు అది అవసరం లేదమ్మా అన్నారు. నిజంగా అవసరం లేదా? లేక నేనే అనవసరంగా ఆలోచిస్తున్నానా?

మాగుంట_టోర్నీ (నెల్లూరు), సోమవారం మధ్యాహ్నం 2:15

కావలి బ్రదర్, నేను కొంచెం ఎదురు మాట్లాడతాను. కటా పోటీలకు వెళ్లేవాళ్లకు పాత కటానే పట్టుకుని కూర్చుంటే కుదరదు. వరల్డ్ కరాటే ఫెడరేషన్ పద్ధతిలో జరిగే టోర్నీలో రౌండుకో కటా చేయాలి. ఒకసారి చేసింది మళ్లీ చేయనివ్వరు. వాళ్ల జాబితాలో వందకు పైగా కటాలున్నాయి. ఫైనల్ దాకా వెళ్లాలనుకునేవాడి చేతిలో నాలుగైదు గట్టి కటాలు ఉండాలి, అవీ పెద్దవి. హెయాన్‌లతో మొదటి రౌండ్ దాటడం కూడా కష్టమే.

అందుకని నేను కొత్తవాటి మీదే ఎక్కువ టైమ్ పెడతాను. హెయాన్‌లు వార్మప్‌కి చేస్తాను, అంతే.

పెన్నా_గట్టు (నెల్లూరు), సోమవారం రాత్రి 8:30

వేదాయపాళెం అమ్మగారికి: మీరు అడిగింది సరైన ప్రశ్న. పై బెల్టుకు అవసరం లేదనడం తప్పు. హెయాన్ షోదాన్‌లో ఉన్న జెన్‌కుత్సు దాచి అనే నిలబడే తీరు, గెదాన్ బరాయ్, అగే ఉకే, షుతో ఉకే అనే అడ్డుకునే కదలికలు, ఇవే బ్లాక్ బెల్ట్ దాకా వస్తాయి. చాలా చోట్ల బ్లాక్ బెల్ట్ గ్రేడింగ్‌లోనూ ఏదో ఒక హెయాన్ అడుగుతారు. పెద్ద కటా ఎవరైనా కష్టపడి నేర్చుకుని వస్తారు, నడుము ఎట్లా తిరుగుతోందో, వెనక మడమ నేలను వదిలేస్తోందో లేదో చిన్న కటాలోనే తేలిపోతుంది.

అయితే పాపను ఇంట్లో పాతవన్నీ రోజూ చేయమని కూర్చోబెట్టకండి. విసుగొచ్చి మానేస్తుంది. మాస్టర్‌తో ఒక్క మాట అడగండి, వారానికి ఒక క్లాసులో మొదటి పది నిమిషాలు కింది బెల్టుల కటాలు అందరితో కలిపి చేయించమని. వైట్ బెల్ట్ పిల్లల పక్కన నిలబడి చేస్తే గ్రీన్ బెల్టులకు భలే హుషారు వస్తుంది.

మాగుంట అబ్బాయికి: వార్మప్‌కి చేసే కటా వార్మప్ లాగే ఉంటుంది, ఇంతకంటే ఏం చెప్పను. టోక్యో ఒలింపిక్స్ ఫైనల్లో రియో కియునా ఓహన్ దాయ్ చేశాడు. ఆడవాళ్లలో సాండ్రా సాంచెజ్ చాతన్‌యారా కుశాంకు చేసింది, అప్పటికి ఆమెకు 39 ఏళ్లు. వాళ్లకు ఎన్నో కటాలు వచ్చు, ఫైనల్‌కు తీసింది మాత్రం బాగా నానిన కటా. ఎక్కువ కటాలు రావాలి అన్న నీ మాట నిజమే. ఫైనల్లో నిలబెట్టేది ఏది అన్నది వేరే ప్రశ్న.

చీమకుర్తి_ఒంటరి (చీమకుర్తి), సోమవారం రాత్రి 10:05

నాది అసలు వేరే కథ. క్వారీలో షిఫ్టు పని. దగ్గర్లో క్లాసు లేదు. బ్లాక్ బెల్ట్ ఎప్పుడో ఒంగోల్లో చదువుకునే రోజుల్లో వచ్చింది. ఇప్పుడు డాబా మీద ఒక్కణ్ణే చేసుకుంటాను, తెల్లారుజామునే, ఎండాకాలం అయితే ఏడు దాటాక కాలు పెట్టలేం.

నేను ఒక కటా మూడేళ్లు అనే పాత పద్ధతి నమ్ముతాను. ఫునకోషి మూడు టెక్కీ కటాలకే పదేళ్లు పట్టిందని రాసుకున్నాడు. పాత గురువు మోతోబు చోకి పేరు చెబితే నైహాంచి (టెక్కీ పాత పేరు) ఒక్కటే గుర్తొస్తుంది. ఈ కాలం వాళ్లకు ఆరు నెలలకో కొత్తది కావాలి. అయినా నాకూ మనసాగక మొన్నటి నుంచి వీడియోలు చూసి ఉన్సు అనే కటా నేర్చుకుంటున్నాను, అది వేరే సంగతి.

సింగరాయకొండ_ఫైటర్ (సింగరాయకొండ), సోమవారం రాత్రి 10:11

పైన మూడేళ్ల నియమం, కింద ఉన్సు! అన్నా, నువ్వు మాలో ఒకడివే.

పెన్నా_గట్టు (నెల్లూరు), మంగళవారం ఉదయం 5:20

ఫునకోషి మాట నిజమే. కానీ ఆ మాట ఎవరు చెబుతారో చూడండి, ఎప్పుడూ సగమే చెబుతారు. అదే ఫునకోషి జపాన్‌లో శిష్యులకు 15 కటాలు నేర్పాడు. ఆయన కాలం వాడే మబుని కెన్వా, షితో ర్యూ స్థాపించినవాడు, ఇద్దరు గొప్ప గురువుల దగ్గరివి కలిపి పదుల కొద్దీ కటాలు పోగుచేశాడు. ఇతోసు అయితే పాతవి చాలవని కొత్తవే తయారుచేశాడు. కాబట్టి పాతోళ్లందరూ ఒక్క కటాతో బతికారు అనుకోవద్దు. ఇక్కడ రెండు దారులూ పాతవే.

చీమకుర్తి బాబూ, ఉన్సులో ఆ గాల్లో ఒక చుట్టు తిరిగే దూకుడు డాబా సిమెంటు మీద చేస్తున్నావా? వద్దు. ఇసుక మీదో మ్యాట్ మీదో చెయ్యి. ఇంకొకటి, వీడియోల్లో ఒక్కో అసోసియేషన్‌ది ఒక్కో తీరు. రెండు వీడియోలు కలిపి నేర్చుకుంటే ఎవరిదీ కాని ఉన్సు తయారవుతుంది. ఒక్క వీడియోనే పట్టుకో.

ఒంగోలు_పీఈటీ (ఒంగోలు), మంగళవారం సాయంత్రం 6:45

హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. కరాటే కొద్దిగా తెలుసు గానీ ఇక్కడ చెప్పాలనుకున్నది కదలికలు ఎట్లా నేర్చుకుంటామన్న దాని గురించి. కావలి తమ్ముడి ప్రశ్న మీద కచ్చితంగా సరిపోయే ప్రయోగం ఒకటి ఉంది.

1979లో షియా, మోర్గాన్ అని ఇద్దరు పరిశోధకులు చేశారు. చేతిలో బంతి పట్టుకుని, చెప్పిన వరసలో చిన్న చెక్క అడ్డాలను టకటకా పడగొట్టాలి. వరసలు మూడు. కొందరితో మొదటి వరస అంతా అయ్యాక రెండోది, అది అయ్యాక మూడోది చేయించారు. ఇంకొందరితో మూడింటినీ కలిపి, ఏది వస్తుందో ముందు తెలియకుండా చేయించారు. సాధన జరిగేటప్పుడు ఒక్కొక్కటే చేసినవాళ్లే వేగంగా ఉన్నారు. తర్వాత కొంత విరామం ఇచ్చి పరీక్ష పెడితే కలిపి చేసినవాళ్లు బాగా చేశారు. కొత్త వరస ఇచ్చినా వాళ్లే మెరుగు.

కారణం గురించి రెండు మూడు వివరణలున్నాయి. ఒకటి ఏమిటంటే, కలిపి చేసేటప్పుడు ప్రతిసారీ ఆ వరసను బుర్రలో కొత్తగా తయారుచేసుకోవాలి. పక్కపక్కనే రెండు వరసలు రావడంతో వాటి మధ్య తేడా కూడా పట్టుబడుతుంది. ఒకే కటాను వరసగా పదిసార్లు చేస్తే రెండోసారి నుంచి బుర్రకు పనే లేదు, కాళ్లూ చేతులూ కదులుతుంటాయి. పెన్నా మాస్టారు చెప్పిన ఒకసారి యోన్‌దాన్, ఒకసారి కంకూ అన్నది సరిగ్గా ఇదే.

అయితే ఒక హెచ్చరిక. అవి చిన్న చిన్న కదలికలతో చేసిన ప్రయోగాలు. తర్వాత పెద్ద నైపుణ్యాల మీద, పిల్లల మీద చేసినప్పుడు ఫలితాలు అన్నిసార్లూ ఇంత స్పష్టంగా రాలేదు. ఇంకా అడుగులే రాని కటాను మిగతావాటితో కలిపితే గందరగోళం తప్ప ఏమీ ఉండదు. అందుకని నా సలహా: కంకూలో నీకు ఇంకా రాని భాగాన్ని విడిగా, ఒకే పట్టున చెయ్యి. ఎవరూ అందించకుండా చివరిదాకా వెళ్లగలిగిన రోజు నుంచి దాన్ని పాతవాటితో కలుపు. చీటీల మీద కటాల పేర్లు రాసి డబ్బాలో వేసుకో. తీసిన చీటీలో ఏముంటే అది ఒక్కసారి, తర్వాత ఇంకో చీటీ.

మొత్తం ఒకే రోజు కుమ్మకుండా వారమంతా పరచుకో. రోజూ కొంచెం చేసింది నిలుస్తుంది, ఆదివారం మూడు గంటలు చేసింది బుధవారానికి పోతుంది. దీనికి మాత్రం ఆధారాలు గట్టిగానే ఉన్నాయి.

లాయర్‌పేట_గోజు (ఒంగోలు), బుధవారం ఉదయం 6:50

మాది గోజు ర్యూ అనే వేరే శైలి. మా దగ్గర మొత్తం 12 కటాలే. అందులోనూ గెకిసాయ్ రెండూ 1940లో మా శైలి స్థాపకుడు మియాగి చోజున్ కొత్తగా చేర్చినవి, మొదలుపెట్టేవాళ్లకు తేలిగ్గా ఉండాలని. ఉయెచి ర్యూ శైలి మొదలుపెట్టిన ఉయెచి కన్‌బున్ అయితే చైనా నుంచి మూడు కటాలతో వచ్చాడు, కొడుకు కాలానికి ఆ శైలిలో ఎనిమిది అయ్యాయి. తక్కువ కటాలున్న ఇంట్లో పెరిగినదాన్ని కాబట్టి ఈ చర్చ చదువుతుంటే నాకు వేరేగా అనిపిస్తోంది.

మీరంతా పాతవాటిని ఎట్లా కాపాడుకోవాలి అని మాట్లాడుతున్నారు. అటక మీది ఇత్తడి సామాను పండక్కి దించి తోమి మళ్లీ పైన పెట్టినట్టు. అట్లా తోమినంత మాత్రాన పాత కటా ముందుకు పోదు. మేం సాంచిన్ అనే కటా ప్రతి క్లాసులోనూ చేస్తాం. అడుగులు నేర్చుకోవడానికి ఒక పూట చాలు. కానీ ఏ రోజూ మా సెన్సెయ్ (మాస్టర్) ఊరికే 'సాంచిన్ చెయ్యండి' అనరు. ఈరోజు ఊపిరి ఎక్కడ తెగుతోందో చూడండి అంటారు. ఇంకో రోజు భుజం మీద చరుస్తూ తిరుగుతారు. ఇంకో రోజు కాలి వేళ్లు నేలను పట్టుకున్నాయా అని చూస్తారు. కటా పాతదే, పని కొత్తది.

కావలి తమ్ముడు హెయాన్‌లు చేయబుద్ధి కావడం లేదన్నాడే, అక్కడే ఉంది విషయం. వాటికి పని లేదు. చేస్తే ఏమవుతుందో ముందే తెలిసినదాన్ని ఎవరు మాత్రం ఇష్టంగా చేస్తారు?

షోటోకాన్ వాళ్లు చేసుకోగలిగినవి కొన్ని చెబుతాను, మా పక్క క్లాసు వాళ్లను చూసి. హెయాన్ షోదాన్ ఎడమకు కాకుండా కుడికి మొదలుపెట్టి అద్దంలో బొమ్మలా చేయడం. చెప్పినంత తేలిక కాదు, బ్లాక్ బెల్టులు కూడా మొదటి మలుపులోనే తికమకపడతారు. ఇంకొకటి, నిలబడే దిక్కు మార్చడం. క్లాసులో ఎప్పుడూ ఒకే గోడకు ఎదురుగా నిలబడితే మీరు కటాను కాదు, ఆ గదిని గుర్తుపెట్టుకుంటారు. మినీ స్టేడియంలో చుట్టూ ఖాళీగా ఉన్న చోట నిలబడి చేసినప్పుడు ఎంతమంది మలుపు తప్పిపోయారో నేను చూశాను. ఇంకోసారి ఎవరూ లెక్క పెట్టకుండా, ఇంకోసారి కళ్లు మూసుకుని. హెయాన్ షోదాన్ 21 కదలికల తర్వాత మొదలుపెట్టిన చోటికే రావాలి గదా, కళ్లు తెరిచి చూసుకుంటే ఎక్కడ తేలారో మీకే తెలుస్తుంది. మీ అడుగుల్లో ఏ పక్కది పొట్టిగా పడుతోందో ఏ మాస్టరూ చెప్పకుండానే బయటపడుతుంది.

పిల్లలు పుట్టాక కొన్నేళ్లు మానేసి మళ్లీ మొదలుపెట్టినదాన్ని, అందుకే ఇంకో మాట. కొత్త కటా మీద మోజు తప్పేమీ కాదు. నన్ను తిరిగి క్లాసుకు లాక్కొచ్చింది సాంచిన్ కాదు, అంతకుముందు నేర్చుకోని సెయ్‌పాయ్ కటా. పెన్నా మాస్టారు దీన్ని ఒప్పుకోకపోవచ్చు.

పెన్నా_గట్టు (నెల్లూరు), బుధవారం ఉదయం 7:30

ఎందుకు ఒప్పుకోనమ్మా. కొత్తది లేకపోతే సగంమంది పిల్లలు రెండో ఏడాదికి రారు, ఈ సంగతి నేర్పేవాడికి తెలియకుండా ఉంటుందా. కొత్త కటా పాతదాన్ని కూడా బాగుచేస్తుంది ఒక్కోసారి. టెక్కీ నేర్చుకుని కిబా దాచిలో (గుర్రం మీద కూర్చున్నట్టు నిలబడడంలో) తొడలు గట్టిపడ్డాక హెయాన్ సాన్‌దాన్ రెండో సగం ఎంత మారుతుందో చూడండి. బస్సాయ్ దాయ్ వచ్చాక నడుము వాడకం తెలిసి హెయాన్‌లు మారతాయి. నేను వద్దనేది కొత్తది రాగానే పాతదాన్ని వదిలేయడం ఒక్కటే.

పాత కటాకు పని ఇవ్వాలన్న మాట బాగుంది. నేను ఇట్లా విడమరిచి ఎప్పుడూ చెప్పలేదు, పిల్లలకు చెబుతాను.

మాగుంట_టోర్నీ (నెల్లూరు), బుధవారం మధ్యాహ్నం 1:40

అక్కా, కుడికి మొదలుపెట్టి షోదాన్ చేశాను. మా క్లాసులో అందరితోనూ చేయించాను. ఒక్కరం కూడా ఆగకుండా చివరిదాకా రాలేదు. వార్మప్ మాట వెనక్కి తీసుకోను గానీ, ఇది వార్మప్ కాదు.

కావలి_బ్రౌన్‌బెల్ట్ (కావలి), శుక్రవారం రాత్రి 9:15

అందరికీ థాంక్స్. పీఈటీ సార్, చీటీలు రాసి డబ్బాలో వేశాను. కానీ సార్, ఇంకా పాడైనట్టుంది. మొదట్లో యోన్‌దాన్ ఒక్కటే పోయేది, ఇప్పుడు నిదాన్‌లో నుకితే తర్వాత కూడా ఒక్క క్షణం ఆగి ఆలోచించాల్సి వస్తోంది. ఇట్లాగే కంటిన్యూ చేయాలా?

ఒంగోలు_పీఈటీ (ఒంగోలు), శుక్రవారం రాత్రి 9:50

చెయ్యి. సాధన జరిగే పూట అట్లాగే ఉంటుంది. కలిపి చేసేదాంట్లో ఆరోజు గొప్పగా అనిపించదు, అందుకే చాలామంది నాలుగు రోజులకే మానేసి మళ్లీ పది సార్లు ఒకటే కటాకు వెళ్లిపోతారు. సాధన ఎట్లా సాగిందో చూసి నిర్ణయించకు. మర్నాడు పొద్దున్నే, ఏ ప్రాక్టీసూ లేకుండా, లేచిన వెంటనే యోన్‌దాన్ ఒక్కసారి చేసి చూడు. అదే నీ మార్కు. ఆగి ఆలోచించడం నాకైతే మంచి గుర్తు, ఇంతకు ముందు ఆలోచన లేకుండా తప్పు మలుపు తిరిగేవాడివి.

సింగరాయకొండ_ఫైటర్ (సింగరాయకొండ), శనివారం ఉదయం 8:20

ఇన్నాళ్లూ జోకులేశాను, ఒక సీరియస్ మాట చెబుతాను. మీరంతా అతన్ని ఒంటరిగా గాల్లో చేయిస్తున్నారు. ఆ రెండు చోట్లా ఎదుట మనిషి ఎక్కడున్నాడో చెప్పలేదు.

యోన్‌దాన్‌లో మెడ మీద కొట్టావు, తన్నావు, ఎదుటోడు వెనక్కి తగ్గాడు. అందుకే ముందుకు దూకి, వాడి చెయ్యి కిందికి నొక్కి, మొహం మీద ఉరాకెన్. వాడు ఇంకా నీ ముందే ఉన్నాడు. కంకూలో అదే దెబ్బ, అదే తన్ను, కానీ ఇంకొకడు వెనక నుంచి వస్తున్నాడు. అందుకే తన్నిన వెంటనే తిరిగి కొకుత్సు దాచిలో (బరువు వెనక కాలి మీద వేసి) కూర్చోవడం. బుంకాయ్ (కదలికల అర్థం) ఇదొక్కటే అని నేననను, వేరే రకంగా చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. కానీ ఏదో ఒక అర్థం ఉంటే ఒంటికి దారి తెలుస్తుంది. ముందు మనిషి ఉంటే ఎవడూ వీపు చూపించి తిరగడు.

కావలి దగ్గరేగా, రైలెక్కితే వచ్చేస్తాను. నా మీద చెయ్యి యోన్‌దాన్. తన్ను మాత్రం మెల్లిగా.

చీమకుర్తి_ఒంటరి (చీమకుర్తి), శనివారం మధ్యాహ్నం 3:30

కుమితే వాడి నోట బుంకాయ్ వినడం బాగుంది. ఒక్కణ్ణే చేసుకునేవాళ్లకు ఈ సౌకర్యం లేదు. నేను నీళ్ల ట్యాంకు పక్కన పాత టైరు నిలబెట్టి ఎదుటి మనిషి అనుకుంటున్నాను. వెనక్కి తిరిగేటప్పుడు మోకాలు దానికి తగులుతోంది, కాబట్టి నా మలుపు వెడల్పుగా పోతోందని అర్థమైంది. ఉన్సు దూకుడు ఆపాను మాస్టారూ. కొత్తపట్నం వెళ్లినప్పుడు ఇసుకలో చూసుకుంటా.

వేదాయపాళెం_అమ్మ (నెల్లూరు), ఆదివారం ఉదయం 10:00

పెన్నా మాస్టారూ, పాప వాళ్ల మాస్టర్‌తో మాట్లాడాను. మొదట ముఖం అదోలా పెట్టారు, తర్వాత సరే, శనివారం క్లాసులో చేయిద్దాం అన్నారు. నిన్న చేయించారు కూడా. గ్రీన్ బెల్ట్ పిల్లల్లో సగంమందికి మొదటి కటా గుర్తు లేదట. పాప ఇంటికొచ్చి నాకు నేర్పుతానని హాల్లో నిలబెట్టింది. గెదాన్ బరాయ్ దాకా వచ్చాను.

కావలి_బ్రౌన్‌బెల్ట్ (కావలి), ఆదివారం రాత్రి 8:45

ఫైటర్ అన్న నిజంగానే వచ్చాడు. రైల్వే గ్రౌండ్ పక్కన చేశాం. ఎదురుగా మనిషి నిలబడితే వెనక్కి తిరగాలన్న ఆలోచనే రాలేదు. తర్వాత అన్న పక్కకు తప్పుకుంటే ఒంటరిగా కూడా సరిగ్గానే పోయింది, పొద్దున లేచి చేసినా సరిగ్గానే వచ్చింది. నిదాన్ దగ్గర ఇంకా ఒక్క క్షణం ఆగుతున్నాను.

ఒక్క డౌట్ మాస్టారూ. ఈ గొడవలో బస్సాయ్ దాయ్ అసలు ముట్టుకోలేదు. గ్రేడింగ్‌లో నా సొంత కటాగా అదే చేయాలనుకుంటున్నాను. చీటీల్లో మిగతావాటితో సమానంగా ఉంచితే సరిపోతుందా?

పెన్నా_గట్టు (నెల్లూరు), సోమవారం ఉదయం 5:15

సరిపోదు. బస్సాయ్‌కి చీటీలు రెండు రాయి. కంకూలో రాని భాగం ఏదైనా ఉంటే దాన్ని చీటీల్లో వేయకు, విడిగా చివర్లో చెయ్యి. గ్రేడింగ్ నెల ఉందనగా కొత్త అడుగులు నేర్చుకోవడం ఆపు, కంకూ ఎంతవరకు వస్తే అంతవరకే ఉండనీ. టెక్కీని మర్చిపోయినట్టున్నావు, మొదటి పోస్టు తర్వాత దాని పేరే ఎత్తలేదు. దానికి అటూ ఇటూ నాలుగడుగుల చోటు చాలు, వానొచ్చి గ్రౌండ్‌లో నీళ్లు నిలిచిన రోజు వరండాలో చేసుకో.

సింగరాయకొండ_ఫైటర్ (సింగరాయకొండ), సోమవారం ఉదయం 7:05

మాస్టారూ, నాకూ ఒక కటా చెప్పండి. చిన్నది.